తోతాపురి పల్ప్ డబ్బాలు నైట్ షిఫ్ట్‌లోనే ఎందుకు ఉబ్బాయి: ఒక సూపర్‌వైజర్ కేసు

నేపథ్యం

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోనూ, హద్దు దాటితే తమిళనాడులోని కృష్ణగిరిలోనూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఏడాది పనిని రెండు మూడు నెలల్లో ముగించుకోవాలి. తోతాపురి కోతలు ఊపందుకున్నాక గేటు ముందు ట్రాక్టర్ల వరుస తగ్గదు. మాగిన కాయ ఎవరి కోసమూ ఆగదు. ఈ ఒత్తిడంతా చివరికి పడేది షిఫ్ట్ సూపర్‌వైజర్ మీద. అతని పనితనాన్ని ఎన్ని టన్నులు దింపాడన్న లెక్కతోనే చూస్తారు. ఈ కేసు అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుండాలి.

ఫ్యాక్టరీ మధ్యతరహాది. ఏ10 అనే పెద్ద సైజు డబ్బా లైన్ ఒకటి ఉంది. డబ్బాకు 3.1 కిలోల పల్ప్, కార్టన్‌కు 6 డబ్బాలు. కడిగి, ఏరి, ముచ్చిక కోసిన కాయ డీస్టోనర్‌లో టెంక వదిలి, గుజ్జు తీసే పల్పర్, దాన్ని వడగట్టే ఫినిషర్ దాటి, ప్రీహీటర్‌లో వేడెక్కి ఫిల్లర్‌కు వస్తుంది. 86 డిగ్రీల దగ్గర నింపడం, నాలుగు హెడ్ల (ఒక్కో డబ్బాకు మూత బిగించే తలల) సీమర్‌లో మూత బిగించడం, మరిగే నీళ్ల కుక్కర్‌లో 20 నిమిషాలు, ఆ తర్వాత కూలింగ్ ట్యాంకు. వేగం నిమిషానికి 30 డబ్బాలు. తోతాపురి పల్ప్ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) 4కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. 4.6 కంటే తక్కువ కాబట్టి విషం పుట్టించే బొట్యులినం బ్యాక్టీరియా భయం లేదు, ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీలకు ఉడికించే రిటార్ట్ అవసరం లేదు, మరిగే నీళ్లు చాలు. అంటే ఈ లైన్‌లో కుక్కర్ పని తేలిక. అసలు కష్టం మూత బిగింపులోనూ, చల్లార్చే నీళ్లలోనూ ఉంటుంది.

సమస్య

గోడౌన్‌లో పేర్చిన పది పన్నెండు రోజులకు అక్కడక్కడా డబ్బాలు ఉబ్బడం మొదలైంది. కొన్నిటి మూత నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తోంది. కొన్ని రెండు వైపులా గట్టిగా ఉబ్బి, నొక్కినా లొంగడం లేదు. ఒక పాలెట్‌లో రెండు, పక్క దాంట్లో ఏమీ లేవు, ఆ పక్కన ఒకటి. నూటికి ఒకటి కూడా పడదు. కానీ ఎగుమతి సరుకులో కంటైనర్‌కు ఒక్క డబ్బా పగిలినా కింది కార్టన్లన్నీ పాడవుతాయి, లాట్ మొత్తం వెనక్కి వస్తుంది.

మూత మీద కొట్టిన కోడ్‌లో తేదీ, షిఫ్ట్, గంట ఉన్నాయి. ఉబ్బినవన్నీ ఏరి కోడ్ ప్రకారం పేర్చితే ఒక విషయం బయటపడింది. దాదాపు అన్నీ నైట్ షిఫ్ట్‌వే, అందులోనూ రాత్రి 12 దాటాక నింపినవే. పగటి షిఫ్ట్‌లో అదే సీమర్, అదే కుక్కర్, అదే ర్యాంప్ (కాయ కొనే చోటు) నుంచి వచ్చిన కాయ.

ముందుగా చేసినవి, పని చేయనివి

డబ్బా ఉబ్బితే ఎవరికైనా మొదట తోచేది సరిగా ఉడకలేదేమోనని. యాజమాన్యం కుక్కర్ సమయాన్ని 20 నుంచి 30 నిమిషాలకు పెంచమంది. ఫలితం వారంలోనే కనిపించింది. పల్ప్ రంగు పసుపు నుంచి గోధుమకు తిరిగింది, ఉడుకు వాసన తగిలింది, కొనుగోలుదారు శాంపిల్ తిప్పి పంపాడు. లైన్ వేగం తగ్గింది కాబట్టి మాగిన కాయ క్రేట్లలోనే మిగిలిపోయి మెత్తబడి, బూజు పట్టడం ఎక్కువైంది. ఉబ్బు మాత్రం తగ్గలేదు.

అది తగ్గదని ముందే చెప్పగలిగే ఆధారాలు చేతిలో ఉన్నాయి. నింపే వేడి 86 డిగ్రీలు, కుక్కర్ నుంచి బయటికొచ్చేటప్పుడు డబ్బా నడుమ 90 పైనే అని వేడి కొలిచే థర్మోకపుల్ చెబుతోంది. ఉడుకు తక్కువైతే ఆ గంట డబ్బాలన్నిటికీ తక్కువే కావాలి, గుంపుగా ఉబ్బాలి. ఇక్కడ చెదురుమదురుగా ఉబ్బుతున్నాయి. ఇక మైక్రోస్కోపు. ఉబ్బిన డబ్బా పల్ప్‌ను చుక్క తీసి చూస్తే ఈస్ట్, కడ్డీల్లాంటి బ్యాక్టీరియా, గుండ్రటి బ్యాక్టీరియా అన్నీ కలిసి ఉన్నాయి. ఉడుకు చాలక మిగిలేది వేడికి ఓర్చుకునే ఏదో ఒక జాతి. క్లాస్ట్రిడియం పాశ్చూరియానమ్ లాంటి బ్యాక్టీరియా ఒంటరిగా కనిపించాలి. ఈస్ట్ 70 డిగ్రీలు దాటితే కొద్ది నిమిషాలు కూడా నిలవదు. 90 డిగ్రీలు చూసిన డబ్బాలో ఈస్ట్ ఉందంటే, కుక్కర్ దాటాక లోపలికి వచ్చిందన్నమాటే.

ఇంకో అనుమానం డబ్బా లోపలి పూత మీద. పులుపు రేకును తిని హైడ్రోజన్ పుట్టినా డబ్బా ఉబ్బుతుంది. కానీ దానికి నెలలు పడుతుంది, పది రోజుల్లో రాదు. పైగా ఉబ్బిన డబ్బాకు చిన్న కన్నం పెట్టి, వచ్చే గాలిని సున్నపు తేట గుండా పంపితే తెల్లగా విరిగింది. అది కార్బన్ డయాక్సైడ్. ఈస్ట్ లాంటి క్రిముల పనే.

ఇక్కడి నుంచి చూపు సీమర్ మీదికి మళ్లింది. సీమర్ మొదటి ఆపరేషన్‌లో మూత అంచునూ డబ్బా అంచునూ ఒకదానిలో ఒకటి కొక్కేల్లా మడుస్తుంది, రెండో ఆపరేషన్‌లో రోళ్లతో గట్టిగా నొక్కుతుంది. ఆ మడతే సీమ్. ఫిట్టర్ రెండో ఆపరేషన్ రోళ్లను మరో దఫా బిగించాడు. సీమ్ మందం పలచబడింది, చేతికి గట్టిగా తగిలింది, చూసినవాళ్లందరికీ నమ్మకం కలిగింది. ఇది కూడా పని చేయలేదు, కొంత చెడ్డే జరిగింది. రెండో రోల్ అతిగా బిగిస్తే సీమ్ కిందికి సాగి పొడవవుతుంది, లోపలి కొక్కేల అతివ్యాప్తి ఇంకా తగ్గుతుంది. పైకి గట్టిగా కనిపించే సీమ్ లోపల బలహీనంగా ఉండటానికి ఇదే దారి.

మూడో ప్రయత్నం క్లోరిన్. సాయంత్రం ల్యాబ్ కుర్రాడు దిగేముందు బకెట్ హైపో (క్లోరిన్ ఇచ్చే హైపోక్లోరైట్ ద్రావణం) కూలింగ్ ట్యాంకులో గుమ్మరించడం అప్పటికే ఉంది. దాన్ని రెండు బకెట్లు చేశారు. ఉబ్బు కొంచెం తగ్గినట్టు అనిపించి, మళ్లీ మామూలే. దారి సరైనదే, పద్ధతి తప్పు. ఎందుకో కింద చూద్దాం.

అసలు కారణం ఎలా తేలింది

కేసు మలుపు తిరిగింది ఒక చిన్న పనితో. అంతవరకూ సీమ్ కోసి చూసే డబ్బాను కన్వేయర్ మీద నుంచి ఏది చేతికొస్తే అది తీసేవారు. నాలుగు హెడ్లలో ఏ హెడ్ బిగించిందో రాసేవారు కాదు. సూపర్‌వైజర్ మెషీన్ ఆపించి, చేత్తో తిప్పుతూ, ఒక్కో హెడ్ కింది డబ్బా మీద మార్కర్‌తో 1, 2, 3, 4 రాసి నాలుగూ తీయించాడు. ఒక్కో డబ్బాను 120 డిగ్రీల ఎడంతో మూడు చోట్ల కొలిచారు.

లెక్క ఇది: బాడీ హుక్ (డబ్బా అంచు కొక్కెం), కవర్ హుక్ (మూత అంచు కొక్కెం), మూత రేకు మందం కలిపి, సీమ్ పొడవు తీసేస్తే అతివ్యాప్తి. 1, 2, 4 హెడ్లకు 2.0 + 1.9 + 0.28 − 3.1, అంటే 1.1 మిల్లీమీటర్ల దగ్గర వచ్చింది. మూడో హెడ్‌కు బాడీ హుక్ 1.7, సీమ్ పొడవు 3.2 దాటింది, అతివ్యాప్తి 0.7 కూడా లేదు. డబ్బా తయారీదారు ఇచ్చిన కనీసం 1.0.

బాడీ హుక్ ఒక్కటే పొట్టిగా ఉంటే రోళ్లను అనుమానించనక్కర్లేదు. కింద డబ్బాను పైకి నెట్టే బేస్ ప్లేట్ ఒత్తిడి తక్కువ. మూడో హెడ్ బేస్ ప్లేట్ విప్పితే స్ప్రింగ్ అలిసి కురచబడి ఉంది, గైడ్‌లో గుజ్జు ఎండి పెచ్చులుకట్టింది. అంతకుముందు సీమర్ జామ్ అయినప్పుడల్లా నలిగిన డబ్బాను రాడ్‌తో లాగి తీసి, వెంటనే నడిపించేవారు. ఉబ్బిన డబ్బాలను ఖాళీ చేసి కోసినా అదే పొట్టి బాడీ హుక్. వాటిలో కొన్నిటిని కోయకముందే కడిగి ఆరబెట్టి, లోపలికి గాలి ఎక్కించి నీళ్లలో ముంచితే సీమ్ ఒక చోట బుడగ కట్టింది.

అయితే ప్రశ్న మిగిలే ఉంది. మూడో హెడ్ పగలూ అదే, రాత్రీ అదే. ప్రతి నాలుగు డబ్బాల్లో ఒకటి దాని కిందికే వెళ్తుంది. పగటి డబ్బాలు ఎందుకు ఉబ్బలేదు?

వేడి డబ్బా చల్లటి నీళ్లలో పడగానే లోపలి ఆవిరి కుదించుకుని వాక్యూమ్ పుడుతుంది. ఆ కొద్ది నిమిషాలు మూతలోని సీలింగ్ కాంపౌండ్ ఇంకా మెత్తగానే ఉంటుంది. సీమ్ వదులైతే కంటికి కనపడనంత నీరు లోపలికి పీలుస్తుంది, ఆ తర్వాత మూసుకుపోతుంది. ఆ నీరు శుభ్రమైతే డబ్బాకు ఏమీ కాదు. మురికిదైతే పది రోజుల్లో ఉబ్బుతుంది. అంటే తేడా నీళ్లలో ఉండాలి.

గంట గంటకూ ట్యాంకు బయటికి పోయే చివర నీళ్లు పట్టి, క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తెచ్చే డీపీడీ మాత్రతో చూశారు. ఉదయం నీళ్లు మార్చాక రంగు బాగా గులాబీ. మధ్యాహ్నానికి లేత గులాబీ. సాయంత్రం హైపో పోశాక మళ్లీ ముదురు. రాత్రి 11కి లేతగా, 12 దాటాక ఏ రంగూ లేదు, తెల్లవారే దాకా సున్నా. లాగ్ షీట్‌లో మాత్రం రాత్రంతా 5 పీపీఎం (లీటరు నీటికి 5 మిల్లీగ్రాముల క్లోరిన్) అని ఉంది. అది అబద్ధమని అనలేం, సాయంత్రం హైపో పోసిన చోటే కొలిచి రాసిన అంకె అది. కొలవాల్సింది డబ్బాలు బయటికొచ్చే చివర.

క్లోరిన్ ఎక్కడికి పోయింది? మూడు దారుల్లో పోయింది. ఫిల్లర్ నాజిల్ గ్యాస్కెట్ అరిగి, ప్రతి డబ్బా అంచున పల్ప్ కారుతోంది. ఆ పల్ప్ డబ్బాకు అంటుకుని కుక్కర్ దాటి ట్యాంకులో కరుగుతోంది. సేంద్రియ పదార్థం ఎక్కడుంటే క్లోరిన్ అక్కడే ఖర్చవుతుంది. వేసవిలో బోరు నీళ్లు తక్కువ కాబట్టి అదే నీటిని కూలింగ్ టవర్ మీదుగా తిప్పి వాడుతున్నారు, మురికి గంట గంటకూ పోగవుతోంది. రెండోది హైపో డ్రమ్ములు షెడ్డు బయట ఎండలో ఉన్నాయి. పది శాతం అని కొన్న హైపో పరీక్షిస్తే సగం బలమే మిగిలింది. మూడోది నీటి పీహెచ్. ఆ ప్రాంతపు బోరు నీరు 8 దగ్గర ఉంది. క్రిములను చంపే హైపోక్లోరస్ ఆమ్లం పీహెచ్ 7 దగ్గర ముప్పాతిక వంతు ఉంటే, 8 దగ్గర పావు వంతే ఉంటుంది. కాబట్టి పీపీఎం అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకూడదు.

వదులు సీమ్ ఒక్కటే ఉంటే ఉబ్బు రాలేదు, మురికి నీరు ఒక్కటే ఉన్నా రాదు. రెండూ కలిసిన గంటల్లో, మూడో హెడ్ డబ్బాల్లో, అందులోనూ కొన్నిటిలోనే వచ్చింది. చెదురుమదురుగా కనిపించిన లెక్కకు అర్థం ఇదే.

ఏం చేస్తే ఆగింది

మొదట సీమర్. మూడో హెడ్ ఒక్కదానికి కాకుండా నాలుగు బేస్ ప్లేట్లకూ స్ప్రింగులు మార్పించారు. ఒకదానికి కొత్తది, మిగతావాటికి పాతవి ఉంటే రేపు తేడా ఇంకో హెడ్‌లో వస్తుంది. తర్వాత బేస్ ప్లేట్ ఒత్తిడి, మొదటి ఆపరేషన్, రెండో ఆపరేషన్ ఈ వరుసలోనే సెట్ చేశారు. వరుస తప్పితే ఒక లోపాన్ని ఇంకో బిగింపుతో కప్పిపుచ్చినట్టవుతుంది. అతిగా బిగించిన రెండో రోళ్లను వెనక్కి తెచ్చారు. కవర్ హుక్ మడతలు చూసి ఇచ్చే బిగుతు అంచనా అన్ని హెడ్లకూ 80 శాతం పైకి వచ్చాకే లైన్ వదిలారు.

అర గంటకోసారి కంటితో, చేత్తో సీమ్ తడిమి చూడటం, నాలుగు గంటలకోసారి ప్రతి హెడ్ నుంచి ఒక డబ్బా కోసి కొలవడం. ఇవి పుస్తకంలో ముందూ ఉన్నాయి. నిజానికి జరగడం లేదు. అంతకుముందు సీమ్ తప్పు దొరికితే ఆపరేటర్‌కు జరిమానా వేసే పద్ధతి పెట్టారు. దాంతో రోజూ ఒకే అంకెలు, రెండో దశాంశం దాకా ఒకేలా, లాగ్‌లో చేరడం మొదలైంది. జరిమానా తీసేసి ఒక చిన్న ఏర్పాటు చేశారు. కోసిన సీమ్ ముక్కను జిప్ కవర్‌లో వేసి, గంట, హెడ్ నంబరు రాసి, ఆ షీట్‌కే పిన్ చేయాలి. ముక్క లేకుండా అంకె ఉండకూడదు. తప్పు దొరికితే చెప్పినవాడికి మాట పడదు. ఈ ఒక్క మార్పు నా దృష్టిలో స్ప్రింగుల కంటే విలువైనది.

జామ్ విషయం వేరుగా తేల్చుకోవాల్సి వచ్చింది. "జామ్ తీశాక ఐదు డబ్బాలు పక్కన పెడతాం గదా సార్, చాలదా?" అన్నాడు సీమర్ ఆపరేటర్. చాలదు. జామ్ అయ్యేటప్పుడు మూతను పైనుంచి పట్టే చక్, కింది బేస్ ప్లేట్ కదిలిపోతే, ఆ తర్వాతి ప్రతి డబ్బా అనుమానమే. జామ్‌కు ముందు సీమ్ చెడుతూ వచ్చి ఉండొచ్చు కూడా. కాబట్టి జామ్ తీశాక గైడ్లు కడిగి, నాలుగు హెడ్ల నుంచి నాలుగు డబ్బాలు కోసి చూశాకే నడపాలి. తప్పు తేలితే, చివరిసారి బాగున్నట్టు తేలిన తనిఖీ నుంచి అప్పటిదాకా వచ్చిన సరుకంతా హోల్డ్, అంటే బయటికి పంపకుండా ఆపాలి. ఇందుకు పది పదిహేను నిమిషాలు పోతాయి. అంటే నాలుగు వందల యాభై డబ్బాల దాకా ఉత్పత్తి ఆగుతుంది. ఆ నిర్ణయం సూపర్‌వైజర్ ఒక్కడిదే, మేనేజర్‌కు ఫోన్ చేయనక్కర్లేదు అని రాతపూర్వకంగా ఇప్పించారు. రాత్రి రెండింటికి మేనేజర్‌ను లేపి లైన్ ఆపమంటారా అని అడగాల్సి వస్తే ఎవరూ అడగరు. లైన్ నడిచిపోతుంది.

తర్వాత నీళ్లు. ఫిల్లర్ నాజిల్ గ్యాస్కెట్లు మార్చి, సీమర్‌కు కుక్కర్‌కు మధ్య 70 డిగ్రీల వేడినీళ్ల స్ప్రే పెట్టారు. డబ్బా ఒంటికున్న పల్ప్ అక్కడే పోతుంది. ఆ నీళ్లు ట్యాంకులోకి కాకుండా నేరుగా కాలువలోకి. బకెట్ పద్ధతి మానేసి చిన్న డోసింగ్ పంపుతో హైపో చుక్కలుగా నిరంతరం పడేట్టు చేశారు. ఆరు వేల లీటర్ల ట్యాంకును 5 పీపీఎంకు తేవాలంటే 30 గ్రాముల క్లోరిన్, అంటే నిజంగా పది శాతం ఉన్న హైపో 300 మిల్లీలీటర్లు. ఆ తర్వాత ఖర్చయ్యేదాన్ని పంపు భర్తీ చేస్తుంది. డ్రమ్ములు నీడకు మార్చి, ప్రతి డ్రమ్ము తెరిచినప్పుడు బలం చూడటం మొదలుపెట్టారు. లక్ష్యం లోపలికి వచ్చే చోట 3 నుంచి 5, బయటికి పోయే చోట 0.5కు తగ్గకుండా. ఎక్కువ పోస్తే మంచిదే కదా అని పోయకూడదు. క్లోరిన్ మితి మీరితే రేకు తుప్పు పడుతుంది, తుప్పు కన్నమై మళ్లీ లీకే.

డబ్బా ట్యాంకు నుంచి 38, 40 డిగ్రీల దగ్గర బయటికి రావాలి. మరీ చల్లారితే తనంతట తాను ఆరదు, తడి నిలిచి తుప్పు పడుతుంది. వేడిగా పేర్చితే పాలెట్ నడుమ రోజుల తరబడి వేడి ఉండి రంగు మాడుతుంది. ఇక్కడే ఇంకో లోపం బయటపడింది. బయటికొచ్చిన తడి డబ్బాలను ఆడవాళ్లు తడి గ్లౌజులతోనే ఎత్తి పేరుస్తున్నారు, కన్వేయర్ పట్టాల మీద జిగురు పాకుడు. సీమ్ మీద తడి ఉన్నంతసేపూ ఆ పాకుడులోని క్రిములకు లోపలికి దారి ఉన్నట్టే. డబ్బాలను ఓ పక్కకు వాల్చే పట్టా, గాలి బ్లోయర్ పెట్టి, ఆరిన తర్వాతే చెయ్యి తగలాలని తేల్చారు. ప్రతి షిఫ్ట్ చివర పట్టాలు రుద్ది కడిగి క్లోరిన్ నీళ్లు చల్లడం చేర్చారు. ఈ పనిని ఆ వరుసలో పనిచేసే ఆడవాళ్లే ఎక్కువ శ్రద్ధగా పట్టించుకున్నారు. కారణం చెప్పి చూపిస్తే ఏ పనైనా అలాగే జరుగుతుంది, ఊరికే కడగమంటే జరగదు.

సూపర్‌వైజర్ ఎక్కడ నిలబడాలి

అంతకుముందు రాత్రి సూపర్‌వైజర్ ఎక్కువసేపు ఉండేది కాయ దింపే చోట, మాగబెట్టే గదుల దగ్గర. అక్కడ గొడవ కనిపిస్తుంది, రైతు అడుగుతాడు, డ్రైవర్ అరుస్తాడు. సీమర్ దగ్గర ఎవరూ అరవరు, మెషీన్ తన పని తాను చేసుకుపోతుంది, చెడిపోయిన డబ్బా పది రోజుల తర్వాత గోడౌన్‌లో మాట్లాడుతుంది. దింపుడు పనికి ఒక మేస్త్రీని బాధ్యుణ్ని చేసి, సూపర్‌వైజర్ తిరుగుడును మార్చారు. గంటకోసారి ఇదే వరుస: ఫిల్లర్ వేడి, సీమర్ ముక్క, కుక్కర్ వేడి, ట్యాంకు చివర క్లోరిన్, ఆరబెట్టే పట్టా. క్లోరిన్ మాత్ర తనే వేసి చూడాలి. రాత్రి ల్యాబ్‌లో కెమిస్ట్ లేని ఫ్యాక్టరీలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. అలాంటి చోట ఈ ఒక్క పరీక్ష సూపర్‌వైజర్ చేతిలో ఉండి తీరాలి, నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు.

షిఫ్ట్ అప్పగింత కాగితాన్ని కూడా మార్చారు. పాతదాంట్లో టన్నులు, కార్టన్లు, ఎన్ని ట్రాక్టర్లు మిగిలాయి ఉండేవి. కొత్తదాంట్లో మొదటి గడులు ఇవి: జామ్‌లు ఎన్ని, ఏ హెడ్, ఏం మార్చారు, చివరి క్లోరిన్ ఎంత, హోల్డ్‌లో ఏ కోడ్లు ఉన్నాయి.

పాత సరుకు

హోల్డ్‌లో ఉన్న రాత్రి కోడ్ల మీద వాదన పెద్దదే అయింది. ఉబ్బినవి ఏరేసి మిగతావి పంపుదామన్నారు కొందరు. ఈ రోజు బాగున్న డబ్బా వచ్చే వారం ఉబ్బవచ్చు కాబట్టి ఏరివేతతో సరుకు శుభ్రమైనట్టు కాదు. ఉబ్బు కనిపించిన గంటల కోడ్లను పూర్తిగా పారబోశారు. వాటికి ఆనుకున్న ముందూ వెనకా గంటల నుంచి శాంపిళ్లు 37 డిగ్రీల గదిలో రెండు వారాలు ఉంచి, సరుకును కదపకుండా ఆపి, ప్రతి డబ్బా మూత చూశాకే వదిలారు. ఉబ్బిన పల్ప్‌ను మళ్లీ వేడి చేసి కెటిల్‌లో కలుపుదామన్న సలహాకు ఒప్పుకోలేదు. బయటి నీళ్లతో ఏవేం లోపలికి వెళ్లాయో తెలియనప్పుడు ఉడికించి అమ్మడం మనుషుల ఆరోగ్యంతో ఆడుకోవడమే. కుక్కర్ సమయం తిరిగి 20 నిమిషాలకు వచ్చింది, రంగు కుదుటపడింది. ఆ సీజన్ మిగతా భాగంలో రాత్రి కోడ్లలో ఉబ్బు కనిపించలేదు.

తర్వాతి సీజన్ కోసం రాసుకున్నవి కొన్ని ఉన్నాయి. ఫిబ్రవరి, మార్చిలో సీమర్ పూర్తిగా విప్పినప్పుడు ప్రతి స్ప్రింగు విడి పొడవు కొలిచి, హెడ్ నంబరుతో రాసి పెట్టాలి. చక్ అంచులు, రోళ్ల గాడులు భూతద్దంతో చూడాలి. మొదటి కాయ రాకముందే ఖాళీ డబ్బాల్లో నీళ్లు నింపి నాలుగు హెడ్లూ కోసి చూడాలి. స్పేర్‌గా ఒక సెట్ స్ప్రింగులు, నాజిల్ గ్యాస్కెట్లు, రెండు పెట్టెల డీపీడీ మాత్రలు సూపర్‌వైజర్ బీరువాలోనే ఉండాలి. రాత్రిపూట స్టోర్ తాళం చెవి కోసం వెతికే పని ఉండకూడదు.